వరి కొయ్యలకు అగ్గి పెడితే 10 వేలు కట్టాల్నా?

ప్రశ్న: సార్ నమస్తే, మాది మిర్యాలగూడ దిక్కు, సాగర్ ఎడమ కాల్వ కింద మూడెకరాల వరి. మిషన్‌తోని కోయించినం, యాసంగి నాటుకు ఇంక ఇరవై రోజులే ఉన్నది. కొయ్యలు కాలవెడ్దామంటే మా పిల్లగాడు ఫోన్‌ల వీడియో చూపెట్టి 10 వేలు జరిమానా అంటుండు, నిజమేనా?

జవాబు: వీడియో నిజమే గానీ ఆ రేట్లు మనయి కావు. 2024 నవంబర్‌ల కేంద్రం పెంచింది, రెండెకరాల లోపు 5 వేలు, ఐదెకరాల లోపు 10 వేలు, ఆపైన 30 వేలు, అది ఢిల్లీకి, దాని చుట్టూ ఉన్న పంజాబ్, హర్యానా అసొంటి రాష్ట్రాలకే. అట్లని మనల్ని అడిగేటోడు లేడనుకోకుర్రి. నిప్పుతోని అజాగ్రత్తగా ఉండి పక్కోళ్లకు ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 287 సెక్షన్ కింద ఆరు నెలల దాక జైలు, లేదా 2 వేల దాక జరిమానా, రెండూ పడొచ్చు. గాలి మళ్లి మంట గెట్టు దాటి పక్కోళ్ల గడ్డివామో స్టార్టర్ డబ్బానో కాలిందనుకోర్రి, ఆ నష్టం కూడా మీ మెడకే.

నన్నడిగితే జరిమానా లేకున్నా కాలవెట్టొద్దు. గడ్డిల ఉన్న నత్రజని దాదాపు అంతా పొగల పోతది, మళ్ల మీరే యూరియా కోసం లైన్ల నిలబడాలె. బూడిద బలం అంటరు మన పెద్దోళ్లు, పొటాష్ వరకు అది కరెక్టే, అంతవరకే. మిషన్ వదిలిన గడ్డి బేలర్‌తోని కట్టలు కట్టించుర్రి, బర్లున్నోళ్లు తీస్కపోతరు. కొయ్యలకు నీళ్లు పెట్టి, ఎకరానికి ఒక బస్తా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి రోటవేటర్ కొట్టిస్తే మురుగుతయి, మీకున్న ఇరవై రోజులు సరిపోతయి గానీ రేపే మొదలువెట్టాలె.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌ల మా గల్లీ పోరగాళ్లు రోజు రాత్రి చలిమంటల పాత టైర్లు, ప్లాస్టిక్ వేస్తున్నరు, మా అమ్మకు ఆయాసం. ఎవరికి చెప్పాలె?

జవాబు: చలిమంటకు ఎవరూ అడ్డం రారు, ఎండు కట్టెలు వేసుకొమ్మనుర్రి. టైర్లు, ప్లాస్టిక్ అయితే చెత్త కాలవెట్టుడే, 2016 డిసెంబర్‌ల హరిత ట్రిబ్యునల్ దేశమంతటా బంద్ చేసింది, జరిమానా 5 వేలు, పెద్ద మొత్తంల అయితే 25 వేలు. మున్సిపల్ శానిటేషన్ వాళ్లకు ఫొటోతోని చెప్పుర్రి. ముందుగాల ఆ పిల్లల అమ్మలకు చెప్పి చూడుర్రి, మా గల్లీల అదే పనిచేసింది.

ప్రశ్న: ఫ్రెండ్స్‌తోని మన్ననూర్ అడవిల క్యాంప్‌ఫైర్ పెట్టుకోవచ్చా?

జవాబు: వద్దు. అది అమ్రాబాద్ పులుల అడవి, ఎండకాలం అయితే ఒక్క సిగరెట్ ముక్క చాలు. ఏ అడవిలనైనా మంట కనవడితే ఫైరోళ్ల నంబర్ 101కు ఫోన్ కొట్టుర్రి.