తడిస్తే గుర్రప్పిల్ల చచ్చిపోతుందా?

ప్రశ్న: జాన్ స్టైన్‌బెక్ ‘ది రెడ్ పోనీ’లో పదేళ్ల జోడీ గుర్రప్పిల్ల గాబిలాన్ వానలో తడిసి, జబ్బుచేసి పోతుంది. అది నమ్మదగ్గదేనా? రచయిత రాంచ్‌లో (పశువుల్ని పెంచే పెద్ద పొలంలో) పెరిగినవాడా?

జవాబు: వాన ఒక్కటే చంపదు. గాబిలాన్‌ది స్ట్రాంగిల్స్, బాక్టీరియా వల్ల వచ్చే అంటువ్యాధి. దవడ కింది గ్రంథులు వాచి చీము పడతాయి. చలీ తడీ ఒంట్లో సత్తువను తగ్గిస్తాయంతే. పనివాడు బిల్లీ బక్ ఆవిరి పట్టి, గడ్డ కోసి చీము తీస్తాడు, పద్ధతి సరైనదే. తర్వాత గుర్రప్పిల్లకు ఊపిరాడకపోతే శ్వాసనాళానికి రంధ్రం పెడతాడు. చిక్కు అక్కడే: శ్లేష్మంతో అది పూడుకుపోతుంటుంది, దూదితో తుడుస్తూనే ఉండాలి. జోడీ కునుకు తీసేది ఆ కాపలాలోనే!

ఇక స్టైన్‌బెక్ పుట్టిపెరిగింది కాలిఫోర్నియాలోని సాలినాస్ పట్నంలో, 1902లో పుట్టాడు. తల్లి ఒకప్పటి టీచరు. రాంచ్ పరిచయం కింగ్ సిటీ దగ్గరి తాతగారి భూముల వల్ల. కుర్రతనంలో స్ప్రెకెల్స్ అనే చక్కెర కంపెనీ దుంప పొలాల్లో కూలిపనీ చేశాడు. ‘ది రెడ్ పోనీ’ కొన్ని కథల పుస్తకం, మీ ప్రతిలో ఎన్ని కథలున్నాయో చూసుకోండి: 1937 ముద్రణలో మూడే, నాలుగోది 1945లో చేరింది.