రబ్బరు అంచు దగ్గర తొందరపడకు

చిన్నా,

కారు డోర్‌కి ఇంట్లోనే స్ప్రే చేసుకుంటాను, రబ్బరు బీడింగ్‌కి టేపు ఎలా వేయాలో చెప్పు పెదనాన్నా అని అడిగావు. రంగు డబ్బా చేత్తో పట్టుకోకముందే ఈ సంగతి అడిగావంటే నీ పని బాగా వస్తుందని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది.

ముందు ఒక మాట. ఊడొచ్చే బీడింగ్ అయితే ఊడదీసెయ్యి. ఎంత నేర్పుగా టేపు వేసినా, తీసి పక్కన పెట్టినంత శుభ్రంగా రాదు. క్లిప్పుల మీద ఉన్నదాన్ని ప్లాస్టిక్ పట్టీతో మెల్లగా లేపు, స్క్రూడ్రైవర్ పెడితే రేకు నొక్కుకుపోతుంది. గమ్‌తో అతికించిందో, పాతబడి ముట్టుకుంటే చిరిగేలా ఉన్నదో అయితేనే టేపు జోలికి వెళ్లు.

రబ్బరు నల్లగా మెరవాలని పూసే పాలిష్‌లలో చాలావాటిలో సిలికాన్ ఉంటుంది. దాని మీద టేపు పట్టదు. అది రేకు మీదకి పాకితే అక్కడ రంగు నిలవక, గుండ్రంగా విడిపోయి చిన్న చిన్న గుంటలు పడతాయి. అందుకే సబ్బునీళ్లతో కడిగి, బాగా ఆరాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తుడువు. పెట్రోలు, థిన్నర్ మాత్రం రబ్బరుకి తగలనివ్వకు, ఉబ్బిపోతుంది. టేపుకి బదులు వాజిలిన్ పూస్తే చాలని కొందరంటారు. నేను ఒప్పుకోను. వేలికంటిన జిడ్డు ఎప్పుడు రేకు మీదకి చేరుతుందో మనకే తెలియదు.

ఇప్పుడు అసలు కిటుకు. నా మొదటి కారుకి రబ్బరు అంచు వెంబడే టేపు వేసి రంగు కొట్టాను. చూడ్డానికి గీత గీసినట్టు వచ్చింది. కొన్ని నెలలకి, కడిగినప్పుడల్లా సరిగ్గా ఆ గీత దగ్గరే రంగు పొరలుగా లేవడం మొదలైంది. రంగు అంచు బయటికి కనిపిస్తూ ఉంటే నీళ్లు దాని కిందికి దూరతాయి. ఆ అంచు రబ్బరు కింద దాక్కోవాలి. దానికి 3, 4 మిల్లీమీటర్ల మందం ఉన్న నైలాన్ తాడు చాలు. రబ్బరు పెదవిని, అంటే రేకు మీద ఆనుకునే దాని అంచుని, బొటనవేలితో ఎత్తి పట్టుకుని, తాడుని కిందికి తోస్తూ చుట్టూ పోనీ. పెదవి కొంచెం పైకి లేచి నిలబడుతుంది. అప్పుడు దాని మీద టేపు వేసి, అంచుని లోపలి వైపుకి మడిచెయ్యి. రంగు కింది దాకా వెళ్తుంది. తర్వాత తాడు లాగేస్తే పెదవి దాని మీద వాలి కూర్చుంటుంది.

మూలల దగ్గర టేపుని సాగదీయకు. సాగిన టేపు కాసేపటికి ముడుచుకుని అంచు వదిలేస్తుంది. వేలెడు ముక్కలు చింపి, ఒకదాని మీద ఒకటి కొద్దిగా ఎక్కేలా వేసి గోటితో నొక్కుకుంటూ పో. కార్లకని అమ్మే మాస్కింగ్ టేపే కొనుక్కో. రంగు పడకూడని మిగతా చోట్లకి న్యూస్‌పేపర్ ఒక్క పొర వేస్తే తడి దిగుతుంది. మాస్కింగ్ పేపరో, ప్లాస్టిక్ షీటో కప్పు.

ఎమరీ పేపర్ పట్టేటప్పుడు ఒక టేపు, రంగుకి వేరే టేపు. రుద్దిన దుమ్ము మొదటి టేపు అంచున పేరుకుపోయి ఉంటుంది, దాని మీదే కొడితే ఆ దుమ్మంతా రంగులోకి వస్తుంది. లేపిన పెదవి కింద కూడా మెరుపు పోయేదాకా రుద్దు. అక్కడ నున్నగా వదిలేస్తే రంగు పట్టుకోదు.

కొట్టేటప్పుడు డబ్బాని 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, పలచగా కొట్టు. పొరకీ పొరకీ మధ్య ఎంతసేపు ఆగాలో డబ్బా మీద రాసే ఉంటుంది. ఒక్కసారే దట్టంగా కొడితే రంగు టేపుకీ రేకుకీ కలిసిపోయి, టేపుతో పాటే ఊడొస్తుంది.

గాలి ఆడే చోట, మంట దరిదాపుల్లో లేనిచోట చెయ్యి. దుమ్ముకి కట్టుకునే గుడ్డ మాస్కు రంగు ఆవిర్లని ఆపదు, ఆ ఆవిర్లని పట్టేసే డబ్బీ, అంటే ఆర్గానిక్ వేపర్ కాట్రిడ్జ్, ఉన్న మాస్కు పెట్టుకో. గట్టిపడడానికి హార్డెనర్ కలిపే టూకే క్లియర్ కోటు, అంటే రంగు మీద వేసే పారదర్శకమైన మెరుపు పొర, దాని జోలికి ఇంట్లో వెళ్లకు నాయనా. అందులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకి చాలా చెడ్డవి.

ఆఖరి పొర వేలికి అంటుకోనంత ఆరి, ఇంకా పూర్తిగా గట్టిపడకుండా ఉన్నప్పుడే టేపు తియ్యి. వెనక్కి మడిచి, రంగుకి దూరంగా ఏటవాలుగా, నెమ్మదిగా లాగు. అప్పటికే గట్టిపడిపోతే కొత్త బ్లేడుతో అంచు మీద తేలిగ్గా ఒక గీత గీసి తియ్యి. టేపుని రోజుల తరబడి ఎండలో వదిలెయ్యకు, గమ్ రబ్బరుకి పట్టేసుకుంటుంది. రబ్బరు మీద రంగు చుక్క పడితే పచ్చిగా ఉండగానే ఆల్కహాల్ గుడ్డతో తుడిచెయ్యి.

తాడు లాగేశాక డోర్ వేసెయ్యాలనిపిస్తుంది. మరుసటి రోజు దాకా తెరిచే ఉంచు. పచ్చి రంగు ఫ్రేమ్ రబ్బరుకి అతుక్కుంటే, మళ్లీ తెరిచినప్పుడు ముక్కగా వచ్చేస్తుంది. పూర్తయ్యాక పెదవి దగ్గర నుంచి తీసిన ఫోటో ఒకటి పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న