షవర్‌లో కాసేపు వేణ్నీళ్లు, కాసేపు చన్నీళ్లు: టైల్స్ పగలగొట్టే ముందు ఇవి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: బెంగళూరులో పై అంతస్తు అద్దె ఇల్లు, టెర్రస్ మీద సోలార్ వాటర్ హీటర్, బాత్రూమ్ గోడలో ఒకే హ్యాండిల్ ఉన్న డైవర్టర్, అంటే వేణ్నీళ్లూ చన్నీళ్లూ కలిపే మిక్సర్. స్నానం మధ్యలో నీళ్లు ఉన్నట్టుండి చల్లబడుతున్నాయి, మళ్లీ ఉన్నట్టుండి కాలిపోతున్నాయి. ప్లంబర్ వచ్చి చూసి, టైల్స్ తీసి డైవర్టర్ మొత్తం మార్చాలన్నాడు. మార్చాలా అని అడిగారు.

ఇప్పుడే వద్దండీ. కె.ఆర్. పురం దగ్గర మేమున్న ఇంట్లో అచ్చం ఇదే బాధ పడ్డాం. మాకూ అదే సలహా ఇచ్చారు. చివరికి గోడ ముట్టుకోకుండానే సరైంది, ఎందుకంటే అసలు గొడవ డైవర్టర్‌లో లేదు, టెర్రస్ మీద ఉంది.

ముందు ఒక పని చేయండి. షవర్ తిప్పి హ్యాండిల్‌ను మధ్యలో పెట్టి, నీళ్ల కింద చెయ్యి పెట్టి నిలబడండి. బాత్రూమ్ కిటికీ తెరిచి ఉంచి, పైన ప్రెషర్ పంపు చప్పుడు వినండి. మా ఇంట్లో పంపు గుయ్‌మని మొదలైన కొద్ది క్షణాలకే చేతి మీద నీళ్లు చల్లబడేవి. పంపు ఆగాక మెల్లగా వేడెక్కి, చెయ్యి వెనక్కి లాక్కునేంత కాలేవి. రెండు మూడు సార్లు అలాగే జరిగితే ఇక అనుమానం అక్కర్లేదు. డైవర్టర్ తన పని తాను చేస్తోంది, దానికి వచ్చే రెండు లైన్ల ప్రెషర్‌లోనే పొంతన లేదు.

ఎందుకలా అంటే, పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీళ్లకు సుమారు ఒక బార్ ప్రెషర్ వస్తుంది. పై అంతస్తులో షవర్‌కూ సోలార్ ట్యాంకుకూ మధ్య ఎత్తు మహా అయితే మూడు మీటర్లు. అంటే వేణ్నీళ్లకు ఉన్న తోపు 0.3 బార్. చన్నీళ్ల లైన్‌కు మాత్రం ఓనరు ప్రెషర్ పంపు పెట్టించి ఉంటారు, అది 1.5 బార్ దాకా తోస్తుంది. పంపు నడిచినంతసేపూ చన్నీళ్లదే పైచేయి, ఆగితే వేణ్నీళ్లు ముందుకొస్తాయి. పై అంతస్తు వాళ్లు నీళ్ల ధార సన్నగా వస్తోందని మొత్తుకున్నాక పంపు పెట్టిస్తారు కదా, సాధారణంగా చన్నీళ్లకే పెట్టిస్తారు. అక్కడే మొదలవుతుంది ఇదంతా.

ఇంకో గుర్తు కూడా ఉంది. మీరు షవర్ వాడుతున్నప్పుడు సోలార్ ట్యాంకు మీద నిలువుగా ఉండే గాలి పైపు నుంచి నీళ్లు పొర్లుతున్నాయేమో టెర్రస్ మీదికి ఎవరినైనా పంపి చూడమనండి. పొర్లుతుంటే పంపు తోసిన చన్నీళ్లు డైవర్టర్ గుండా వేణ్నీళ్ల పైపులోకి ఎదురెక్కి, సోలార్ ట్యాంకులోకే పోతున్నాయని అర్థం. పొద్దున్నే మొదటి బకెట్ వేడిగా వచ్చి రెండోది గోరువెచ్చగా వస్తోందంటే దానికీ ఇదే కారణం కావచ్చు.

దీనికి మందు, ఆ బాత్రూమ్‌కు చన్నీళ్లు కూడా పంపు దాటి రాకుండా నేరుగా ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి దిగేలా లైన్ మార్చించడం. టెర్రస్ మీద కొద్దిపాటి పైపు పని, అంతే. షవర్ ధార కాస్త నెమ్మదిస్తుంది, కాదనను. కానీ మా అత్తగారికి అప్పటికి డెబ్బై దాటాయి, ఆవిడ స్నానానికి వెళ్లిన ప్రతిసారీ మాకు టెన్షన్. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాల్చేస్తాయి, ఎండాకాలంలో సోలార్ ట్యాంకులో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లో చంటిపిల్లలో ఉంటే ధార జోరు కన్నా ఇదే ముఖ్యం. ధార కూడా కావాలంటే వేణ్నీళ్ల లైన్‌కు కూడా, వేడికి తట్టుకునే రకం పంపు విడిగా పెట్టించాలి. సోలార్ ట్యాంకుకు ముందు మాత్రం పంపు పెట్టనివ్వకండి. మన ఇళ్ల మీద ఉండే గాజు గొట్టాల సోలార్ ట్యాంకుల్లో చాలా వాటికి ప్రెషర్ తట్టుకునే శక్తి ఉండదు.

పంపుతో సంబంధం లేకుండానే నీళ్లు మారుతుంటే అప్పుడు కార్ట్రిడ్జ్ వైపు, అంటే డైవర్టర్‌లో హ్యాండిల్ వెనక ఉండి రెండు నీళ్లనూ కలిపే భాగం వైపు చూడండి. హ్యాండిల్ తిప్పితే రాయి మీద రాయి రాసినట్టు గరగరమంటుందా? ఒక పక్కకు పూర్తిగా తిప్పినా రెండో రకం నీళ్లు కలుస్తున్నాయా? అయితే లోపల ఉప్పు పేరుకుంది. తాగే నీళ్లలో కఠినత్వం, అంటే ఇలా పేరుకునే ఉప్పుల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణం, వేరే దారి లేకపోతే 600 వరకు సర్దుకోవచ్చంటుంది. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వాడే ఇళ్లలో బకెట్ అంచున తెల్ల చార చూస్తే చాలు, మీవి ఎలాంటివో తెలుస్తుంది. వేడి చేసిన కొద్దీ ఆ ఉప్పు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, అందుకే వేణ్నీళ్ల రంధ్రమే ముందు మూసుకుపోతుంది.

కార్ట్రిడ్జ్ తీయడానికి కూడా గోడ పగలగొట్టక్కర్లేదు. టెర్రస్ మీద రెండు వాల్వ్‌లూ కట్టేసి, కుళాయి తిప్పి మిగిలిన నీళ్లు వదిలేయండి. గీజర్ కూడా ఉంటే దాని స్విచ్ తీసేయండి. నేల మీద జాలీ మీద గుడ్డ పరవండి, స్క్రూ అందులో పడిందంటే ఇక దొరకదు. హ్యాండిల్ మీది చిన్న మూత గోటితో ఎత్తితే లోపల అల్లెన్ కీతో (ఆరు పలకల చిన్న వంపు తాళంతో) తిరిగే సన్నని స్క్రూ ఉంటుంది. హ్యాండిల్ వచ్చాక స్టీలు మూత, దాని కింద ఇత్తడి నట్టు. అది విప్పితే కార్ట్రిడ్జ్ ఊడి చేతికొస్తుంది. దాని అడుగున ఉన్న రంధ్రాల చుట్టూ రబ్బరు రింగులు చూడండి. మాది తీసి చూస్తే ఒక రంధ్రం అంచున గోరుతో గీకినా రాని తెల్ల పెచ్చు ఉంది. గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి రాత్రంతా నానబెడితే పోయింది. బాత్రూమ్ యాసిడ్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. రింగులకు వ్యాజలైన్ రాసినా ఉబ్బి పాడవుతాయి, సిలికాన్ గ్రీజు రాయాలి. రింగులు తెగినా, నానబెట్టాక కూడా గరగర పోకపోయినా కొత్త కార్ట్రిడ్జ్ వేయండి. పాతది చేత్తో పట్టుకుని ఎస్.జె.పి. రోడ్డులోని హార్డ్‌వేర్ దుకాణాల్లో అడగండి, లేదా ఆ కంపెనీ సర్వీసుకు ఫోన్ చేయండి. కొలత ఒక్క మిల్లీమీటరు తేడా ఉన్నా కూర్చోదు.

గీజర్ మీదే స్నానం చేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకొక మాట. వేడి ఊగకుండా మెల్లగా తగ్గిపోతుంటే అది మిక్సర్ తప్పు కాదు. 60 డిగ్రీలకు కాగిన 15 లీటర్లు చన్నీళ్లతో కలిసి 30 లీటర్లు అవుతాయి, నిమిషానికి 8 లీటర్లు పోసే షవర్‌కు నాలుగు నిమిషాలకు సరి. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరైతే నిమిషానికి 6 లీటర్ల ధారను 7 డిగ్రీలే పెంచగలదు.

చివరిగా, మీ ప్లంబర్ వేణ్నీళ్ల లైన్‌లో ఎన్.ఆర్.వి. (నీళ్లను ఒకవైపే పోనిచ్చే వాల్వ్) వేస్తానంటే వేయించండి, నీళ్లు ఎదురెక్కకుండా ఆపేది అదే. కానీ స్ప్రింగు రకం వద్దు. సోలార్ నుంచి దిగే 0.3 బార్‌కు ఆ స్ప్రింగు సరిగా తెరుచుకోక ధార ఇంకా సన్నబడుతుంది. లోపల తలుపులా ఊగే ఫ్లాప్ ఉన్నది తెప్పించి, అడ్డంగా ఉన్న పైపు మీద, బాణం గుర్తు షవర్ వైపు ఉండేలా బిగించమనండి.