మణికట్టు దారిన సీటీవో మొదలుపెట్టబోతున్న నీకు

అమ్మా,

వచ్చే నెల నుంచి సీటీవో కేసులు, అంటే పూర్తిగా మూసుకుపోయిన గుండె నాళాన్ని తెరిచేవి, సొంతంగా, అదీ మణికట్టు ధమని నుంచే చేస్తానన్నావు. చాలా సంతోషం. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నా.

మూడు నెలలకు పైగా పూర్తిగా మూసుకుపోయిన నాళం అది, ఇంకో రోజు ఆగితే ఏమీ కాదు. యాంజియో చేసిన టేబుల్ మీదే మొదలుపెట్టెయ్యకు. రాత్రి అరగంట కూర్చుని ఫిల్ము చూడు: బ్లాక్ మొదలు కోసుగా ఉందా మొద్దుగా ఉందా, సున్నం పట్టిందా, లోపల 45 డిగ్రీలు దాటిన వంపు ఉందా, పొడవు 20 మిల్లీమీటర్లు ఉందా, ఇదివరకు ఎవరైనా ప్రయత్నించి వదిలేశారా. జపాన్ వాళ్ల జే-సీటీవో స్కోరు అంటే ఈ ఐదే. మొదట్లో సున్నా, ఒకటి వచ్చినవే తీసుకో.

నాళాలు ఎక్స్‌రేలో కనబడేలా చేసే డైని రెండు వైపుల నుంచి వెయ్యడానికి బద్ధకించకు. బ్లాక్ అవతలికి రక్తం ఎక్కువగా ఎదుటి నాళం నుంచే వస్తుంది కాబట్టి రెండో చేతిలో కూడా షీత్ (ధమనిలోకి దారిచ్చే గొట్టం) పెట్టి అటు నుంచి వేస్తేనే అవతలి ఒడ్డు కనబడుతుంది. వైరు దాటిందని నీకు ఎంత గట్టిగా అనిపించినా, రెండు వేర్వేరు యాంగిల్స్‌లో అది నాళం లోపలే ఉందని చూసుకున్నాకే, వైరు మీదుగా వెళ్లే సన్నటి గొట్టం, మైక్రో కేథటర్, ముందుకు తొయ్యి, ఆ తర్వాతే బెలూన్. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. చాలా ఏళ్ల కిందట, మూడు గంటలు గడిచాక విసుగులో ఒక్క యాంగిల్ చూసి బెలూన్ ఊదేశాను, వైరు గోడ బయట ఉంది. గుండె చుట్టూ చేరిన రక్తాన్ని సూదితో తీస్తుంటే నా చేతులు వణికాయి. ఆయన బతికాడు, కానీ ఆ రాత్రి ఐసీయూ బయట కూర్చున్న ఆయన భార్య ముఖం ఇప్పటికీ మర్చిపోలేను.

ఆరు ఫ్రెంచ్ సైజు గైడుతో (వైరు, బెలూన్ వెళ్లే పెద్ద గొట్టం) చాలా కేసులు అయిపోతాయి. చెయ్యి లాగేస్తోందని పేషెంటు అంటే స్పాజమే, అంటే ధమని బిగుసుకుంది, బలవంతంగా తిప్పకుండా దాన్ని వదులు చేసే నైట్రో ఇచ్చి ఆగు. మణికట్టు నుంచి పెట్టిన గైడు వెనక్కి తన్నేస్తుంటే గైడు లోంచి ఇంకా ముందుకు వెళ్లే గొట్టం, గైడ్ ఎక్స్‌టెన్షన్, వాడు. అప్పటికీ కుదరకపోతే తొడ దగ్గరికి వెళ్లిపో, అందులో నామోషీ ఏం లేదు.

మన దగ్గరికి శ్రీకాకుళం నుంచి బోలెడు మంది వస్తారు కదా. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం మనిషైతే, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా మణికట్టు ముట్టుకోకు. రేపు డయాలసిస్‌కి ధమనిని సిరతో కలిపి ఫిస్టులా వెయ్యాల్సిన చెయ్యి అది, నీ షీత్ వల్ల ఆ ధమని మూసుకుపోతే వాళ్లకి పెద్ద నష్టం. డై కూడా ముందే లెక్క కట్టి టెక్నీషియన్‌కి చెప్పి ఉంచు, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత అంకె)కి మూడు రెట్ల మిల్లీలీటర్లు దాటనివ్వొద్దు. రేడియేషన్ 5 గ్రే దగ్గరికి వచ్చినా వైరు దాటలేదంటే ఆపెయ్యి, ఇంకో రోజు చూద్దాం.

ఇంట్లోవాళ్లతో మాత్రం నిజం చెప్పు. నాళం తెరిస్తే ఛాతీ నొప్పి తగ్గుతుందని 2018లో వచ్చిన యూరో సీటీవో ట్రయల్ చూపించింది, ఆయుష్షు పెరుగుతుందని మాత్రం ఇంతవరకు రుజువు లేదు. మందులతో హాయిగా మెట్లెక్కుతున్న మనిషిని టేబుల్ ఎక్కించకు.

మొదటి కేసు తేదీ చెప్పు, లెడ్ ఏప్రాన్ వేసుకుని వచ్చి పక్కన నిలబడతాను.