ఇరవై రోజుల వానకు ఆరు నెలల ఈఎంఐ ఎందుకు?

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో ఉంటాను. రేణిగుంట రోడ్డులో ఉద్యోగం. జీతం 24,000, ఇంటి ఖర్చులు 19,000. గేర్ల సైకిల్ మీద వెళ్తాను, టైర్లు 35 ఎంఎం. ఏడాదిలో ఇరవై రోజులకు మించి వానలో తొక్కను. ఫుల్ మడ్‌గార్డులు 3,800, ఊడదీసి పెట్టుకునేవి 750 చెబుతున్నారు. ఫుల్ మడ్‌గార్డులు, రెయిన్ జాకెట్, తడవని బ్యాగు కలిపి 9,600 అవుతుంది. కార్డు మీద ఆరు నెలల ఈఎంఐకి తీసుకోవచ్చా? కార్డులో 14,000 పాత బాకీ ఉంది, నెలనెలా మినిమమ్ కడుతున్నాను. పొదుపంటూ ఏమీ లేదు.

జవాబు: వద్దు. 750 రూపాయల రకం తీసుకోండి, అదీ చేతిలో డబ్బుతో. అప్పుడప్పుడు పడే అవసరానికి ఏడాది పొడవునా ఉండే ఖర్చును తగిలించుకోవడం, దానికి కార్డును వాడటం చాలామంది చేస్తున్న పొరపాటు. పైగా మీ చేతిలో అత్యవసర నిధి లేదు. మీ ఉత్తరంలో నాకు ఆందోళన కలిగించింది ఆ చివరి మాటే.

ముందు కార్డు సంగతి. నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే 14,000 మీద నెలకు 490 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 88. మొత్తం 578. అంటే రెండు నెలలు కూడా తిరగకుండానే మీరు ఊడదీసే రకం మడ్‌గార్డుల ఖరీదును బ్యాంకుకు వడ్డీగా కడుతున్నారు. బాకీ పూర్తిగా తీర్చకుండా మినిమమ్‌తో నెట్టుకొస్తే కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. ‘నో కాస్ట్’ ఈఎంఐ అన్నా చాలాసార్లు ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ పడతాయి. దయచేసి ఆ కార్డును ఈ రోజే పర్సులోంచి తీసి బీరువాలో పెట్టండి.

ఇక మడ్‌గార్డు. మన దగ్గర గట్టి వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఫుల్ మడ్‌గార్డు బిగించాలంటే ఫ్రేముకు, ఫోర్కుకు కింద బోల్టు రంధ్రాలు ఉండాలి. అవి లేని సైకిళ్లు చాలానే ఉన్నాయి. బిగించినా మిగతా తొమ్మిది నెలలు ఆ ఫుల్ మడ్‌గార్డు బరువే. ఊడదీసే రకంలో వెనుకది సీటు రాడ్డుకు క్లాంపుతో పట్టుకుంటుంది, ముందుది ఫోర్కుకో, ఫ్రేము కింది గొట్టానికో పట్టీలతో.

కొనే ముందు టేపుతో కొలవండి. మడ్‌గార్డు వెడల్పు టైరు కన్నా కనీసం 8 నుంచి 10 ఎంఎం ఎక్కువ ఉండాలి, అంటే మీకు 45 ఎంఎం. అంతకన్నా సన్నగా ఉంటే నీళ్లు పక్కల నుంచి చిమ్ముతాయి. సీటు కింద రాడ్డు నాలుగు అంగుళాలైనా బయటికి కనిపించాలి. సీటు బాగా దించుకునేవాళ్లకు, వెనుక క్యారియర్ ఉన్నవాళ్లకు ఈ రకం కుదరదు. క్లాంపు పట్టే చోట పాత ట్యూబు ముక్క ఒక చుట్టు వేయండి. పంచర్ షాపులో అడిగితే ఇస్తారు. ఆ ముక్క లేకపోతే నాలుగు గుంతలు దాటేసరికి మడ్‌గార్డు పక్కకు తిరిగి టైరుకు రాసుకుంటుంది. టైరుకు, మడ్‌గార్డుకు మధ్య 10 ఎంఎం ఖాళీ ఉంచండి, బురద ఇరుక్కోకుండా. వెనుక లైటు కనపడకుండా పోయిందేమో చూడండి.

ముందుదాని విషయంలో మాత్రం రాజీ వద్దు. వదులైన పట్టీ తెగి మడ్‌గార్డు చక్రంలో పడితే చక్రం ఒక్కసారిగా ఆగిపోయి మనిషి ముందుకు ఎగిరి పడతాడు. ఊపి చూసి కదిలితే ఇంకో ప్లాస్టిక్ టై వేయండి. ఊడదీసే రకం బూట్లను పూర్తిగా కాపాడదు, అది ముందే తెలుసుకోండి. జాకెట్ బదులు ఈ ఏడాది మామూలు రెయిన్‌కోటు, బ్యాగులోపల మందపాటి ప్లాస్టిక్ కవరు చాలు.

అసలు విషయానికి వస్తాను. లారీలు తిరిగే రోడ్డు మీద, తడిసిన బ్రేకులతో వెళ్తున్నారు. జారిపడి మణికట్టు విరిగితే ఆరు వారాలు కట్టు. సెలవులు అయిపోయాక జీతం కోత. జీతం 21,000 దాటింది కాబట్టి ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కూడా బహుశా ఉండదు. ఆ రోజు మీ దగ్గర ఉన్నది ఆ కార్డు ఒక్కటే అయితే 14,000 బాకీ 60,000 అవుతుంది. 2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధులు చెరువులైనప్పుడు రోజులకు రోజులు పని పోగొట్టుకున్నవాళ్లు ఎంతమందో మీకూ తెలుసు. నిధి అంటే అలాంటి వారానికి అన్నం.

జీతం, ఖర్చు పోను మీకు నెలకు 5,000 మిగలాలి. ఆ డబ్బు కనపడటం లేదంటే ఎక్కడో కారుతోంది, ఒక నెల రాసి చూడండి. ముందు కార్డు మినిమమ్ కట్టాక మిగిలేదాన్ని వేరే బ్యాంకులో సేవింగ్స్ ఖాతాలో వేసి 10,000 చేయండి, దానికి ఏటీఎం కార్డు తీసుకోకండి. తర్వాత నాలుగు వేలు కార్డు బాకీకి, వెయ్యి నిధికి. కార్డు సున్నా అయ్యాక మొత్తం ఐదు వేలూ నిధికే, 57,000 అయ్యేదాకా. అది మీ మూడు నెలల ఖర్చు. మ్యూచువల్ ఫండ్లు, బంగారం చీటీలు ఆ తర్వాతి మాట.

ప్రమాద బీమా మాత్రం ఈ వారంలోనే. బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో మరణిస్తే లేదా పూర్తి వైకల్యం వస్తే 2 లక్షలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి లక్ష. చెయ్యి విరిగితే ఇది పైసా ఇవ్వదు. అందుకే పని చేయలేని వారాలకు డబ్బు ఇచ్చే వ్యక్తిగత ప్రమాద పాలసీ ఒకటి విడిగా తీసుకోండి, కొనేటప్పుడు ‘తాత్కాలిక పూర్తి వైకల్యం’ అన్న అంశం ఉందో లేదో చదివి చూడండి. సురక్షా బీమా జూన్ 1న మొదలై మే 31తో ముగుస్తుంది. ఆటో డెబిట్‌కు ఒప్పుకున్నా, మే నెలాఖరులో ఖాతా ఖాళీగా ఉంటే ఆ 20 రూపాయలు కట్ కాక బీమా ఆగిపోతుంది.