గురువారం ఆటకి బుధవారం కబురు

అమ్మలూ,

నీ కొడుకు సెవెంత్ గ్రేడ్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో చేరాడని, కోచ్ నిన్ను టీమ్ పేరెంట్‌గా, అంటే మిగతా తల్లిదండ్రులకి ఆటల కబుర్లు పంపే మనిషిగా ఉండమన్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం వేసింది. ఇక్కడ డాలస్ పక్కన మా ఇద్దరబ్బాయిలు ఆడినన్నాళ్ళూ, నాలుగు సీజన్లు, ఆ పని నేనే చూశాను. ఫోన్‌లో అన్నీ చెప్పడం కుదరదని ఇలా కూర్చుని రాస్తున్నాను.

ముందు నా తప్పు చెబుతాను. జూనియర్ హై, అంటే సెవెంత్, ఎయిత్ వాళ్ళ ఆటలు వారం మధ్యలో పెడతారు, శుక్రవారం హైస్కూలు వాళ్ళది కదా. మా దగ్గర గురువారం. సెవెంత్ వాళ్ళు మన గ్రౌండ్‌లో ఆడితే ఎయిత్ వాళ్ళు అదే సాయంత్రం అవతలి స్కూలుకి వెళ్తారు. నేను రెండో వారం మెసేజ్‌లో "ఈ గురువారం ఆట మన స్కూల్లోనే, ఐదింటికి" అని రాసి ఊరుకున్నాను. ఎయిత్ గ్రేడ్ పిల్లాడి తండ్రి ఒకాయన ఆఫీసులో పర్మిషన్ అడుక్కుని వచ్చి మన గ్రౌండ్‌లో కూర్చున్నాడు. కొడుకు ఆడుతున్నది నలభై నిమిషాల దూరంలో. ఆయన అక్కడికి చేరేసరికి పిల్లలు హెల్మెట్లు చేత పట్టుకుని బస్సెక్కుతున్నారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది, ఇన్నేళ్ళయినా ఆ ముఖం మర్చిపోలేదు.

అప్పటి నుంచి నా మెసేజ్ ఎప్పుడూ ఒకేలా ఉండేది. బుధవారం రాత్రి ఏడింటికి వెళ్ళిపోవాలి. మొదటి లైన్‌లో ఏ గ్రేడ్, ఏ స్కూలు, ఆ స్కూలు పూర్తి అడ్రస్. రెండో లైన్‌లో బీ టీమ్ (రెండో జట్టు) ఆట ఎన్నింటికి, ఆ తర్వాత 'ఎ' టీమ్ (మొదటి జట్టు) ఆట ఇంచుమించు ఎన్నింటికి. మూడో లైన్‌లో బస్సు మన స్కూలుకి ఎప్పుడు తిరిగొస్తుంది, పిల్లల్ని ఏ గేటు దగ్గర ఎక్కించుకోవాలి. టికెట్ ఫోన్‌లో ముందే కొనాలా, బ్యాగులు లోపలికి రానిస్తారా అన్నవి ఆఖర్న. మాట మార్చకు, వరస మార్చకు. డ్యూటీ దిగి కారులో కూర్చుని చూసుకునే తల్లికి కన్ను ఎక్కడ పెట్టాలో అలవాటైపోవాలి. "గో టీమ్" లాంటివి ఆటయ్యాక పంపు.

ఆట రోజు పెద్ద టెన్షన్ ఉరుములు. సెప్టెంబరులో ఇక్కడి ఆకాశాన్ని నమ్మలేం. ఉరుము వినబడితే ఆట ఆపేస్తారు, చివరి ఉరుము నుంచి ముప్పై నిమిషాలు గడిస్తే గానీ మళ్ళీ మొదలుపెట్టరు. మధ్యలో ఇంకొకటి ఉరిమితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. అలాంటప్పుడు నీకు కొత్త సంగతి ఏమీ తెలియకపోయినా మెసేజ్ పెట్టు: "పిల్లలు జిమ్‌లో ఉన్నారు, 6:40కి మళ్ళీ చెబుతాను." 6:40కి చెప్పడానికి ఏమీ లేకపోయినా సరే, చెప్పు. తల్లిదండ్రుల్ని కంగారు పెట్టేది వాన కాదు, ఫోన్ మోగకపోవడం.

ఆటయ్యాక స్కోరు పంపుతావు కదా, అక్కడ నా మాట విను. బంతి పట్టుకుని పరిగెత్తినవాడి పేరు ఎలాగూ అందరికీ తెలుస్తుంది. ముందు వరసలో నిలబడి ఎదుటివాళ్ళని ఆపే ఐదుగురు లైన్‌మెన్ ఉంటారు చూడు, మధ్యలో ఉండి బంతి అందించేవాడు తప్ప మిగతావాళ్ళు ఆటంతా బంతి ముట్టుకోకపోవచ్చు. మా చిన్నాడు అక్కడే ఆడాడు. వాడు ఏం చేశాడో నాకు ఒక సీజనంతా అర్థం కాలేదు. మనకి ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట, నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్ళాలన్న సంగతే కొత్త. ఒకరోజు కోచ్ "ఆ పరుగుకి దారి తీసింది మీవాడే" అన్నారు. ఇంటికొచ్చి వీడియో నాలుగుసార్లు చూశాను. అందుకే వారానికి ఒక లైన్‌మన్ చేసిన పని, బీ టీమ్ నుంచి ఒక పిల్లాడి సంగతి కోచ్‌ని అడిగి రాసేదాన్ని. ఆటలో ఒక్కో నియమం ఒక్కో వారం రెండు వాక్యాల్లో చెప్పేదాన్ని. అడగడానికి మొహమాటపడే నాన్నలు మనవాళ్ళలోనే కాదు, అందరిలోనూ ఉన్నారు.

గ్రూపులో ఎప్పుడూ రాయకూడనివి కొన్ని ఉన్నాయి. టెక్సస్‌లో 1984 నుంచి "నో పాస్, నో ప్లే" ఉంది. గ్రేడింగ్ పీరియడ్ ముగిసేసరికి ఏ సబ్జెక్టులోనైనా 70 కంటే తక్కువ వస్తే కనీసం మూడు వారాలు మ్యాచ్ ఆడనివ్వరు, ప్రాక్టీసు మాత్రం చేయొచ్చు. గ్రేడ్లు ముగిసే తేదీని రెండు వారాల ముందే అందరికీ గుర్తు చెయ్యి. ఎవరికి తగ్గాయన్నది మాత్రం నీ నోట రాకూడదు. ఎవరైనా "వాడు ఈ వారం ఎందుకు ఆడలేదు?" అని గ్రూపులో అడిగితే, "వాళ్ళ ఇంట్లోవాళ్ళని అడగండి" అని విడిగా రాయి.

దెబ్బలదీ అంతే. తలకి దెబ్బ తగిలిందని అనుమానం వచ్చినా పిల్లాణ్ణి ఆటలోంచి తీసేయాలని, డాక్టరు రాసిస్తే గానీ మళ్ళీ దింపకూడదని 2011లో ఇక్కడ చట్టం వచ్చింది. ఆ కబురు ఇంటికి చేర్చాల్సింది కోచో, దెబ్బలు చూసే ట్రైనరో, ఫోన్ చేసి. నువ్వు వాళ్ళ కంటే ముందు మెసేజ్ పెట్టావంటే, ఆ తల్లి తన కొడుకు సంగతి పాతికమందితో కలిసి చదువుకుంటుంది. ఫొటోలు కూడా, వేరే పిల్లలవి వాళ్ళ ఇంట్లోవాళ్ళు సరేనన్నాకే.

నంబర్లు తీసుకునేటప్పుడు ఇంటికి ఒకటి చాలనుకోకు. అమ్మానాన్నలు వేరుగా ఉన్న ఇళ్ళు ఉంటాయి, ఇద్దరికీ విడివిడిగా వెళ్ళాలి. సాయంత్రం తాతయ్యే తీసుకెళ్తాడంటే ఆయన్నీ చేర్చు. స్పానిష్ మాట్లాడే ఇళ్ళుంటే అదే మెసేజ్ ఆ భాషలోనూ పంపు, తెలిసిన ఒక తల్లిని సాయం అడిగితే సంతోషంగా చేస్తుంది.

దసరా సీజన్ మధ్యలోనే వస్తుంది, దీపావళి కూడా రావచ్చు. గురువారం పడుతుందేమో ఇప్పుడే క్యాలెండర్ చూసి కోచ్‌కి చెప్పెయ్యి, ముందు చెబితే ఎవరూ కాదనరు. బస్సులో ఇచ్చే తిండికి వేరుశెనగ పడనివాళ్ళు, మాంసం తిననివాళ్ళు ఎవరో ఒక కాగితం మీద రాసి పెట్టుకో.

మొదటి ఆట ఈ గురువారమే అన్నావట. రేపు మెసేజ్ రాశాక అందరికీ పంపే ముందు నాకొకసారి పంపు. అడ్రస్ సరిచూసి చెబుతాను.

మీ పెద్దమ్మ