టీపీఈ కణాలకు నైల్ రెడ్ కలిపితే బ్యాచ్‌కో రంగు వస్తోంది, ఎందుకు?

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు టీపీఈ (టెట్రాఫినైల్‌ఇథిలీన్, గుమిగూడితే వెలిగే పదార్థం) నానో కణాలు నీళ్లలో చేసి, పైనుంచి నైల్ రెడ్ అనే డై కలుపుతున్నామని, రంగు మాత్రం నిలకడగా రావట్లేదని అడిగారు. కలిపే వరుసే తప్పు. దాత (టీపీఈ) నుంచి గ్రహీతకు (నైల్ రెడ్) శక్తి అందాలంటే రెండు అణువులూ దాదాపు 10 నానోమీటర్లలోపు ఉండాలి. కణం గట్టిపడ్డాక వేసిన డైలో కొంత పైన అంటుకుంటుంది, కొంత నీళ్లలోనే ముద్దకట్టి వెలుగు కోల్పోతుంది. ఏది ఎంతన్నది మీ చేతిలో ఉండదు. రెండూ టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్) ద్రావకంలోనే కలవాలి, ఆ తర్వాతే నీళ్లలోకి వెళ్లాలి.

టీపీఈ 3.3 మిల్లీగ్రాములు 10 ఎంఎల్ టీహెచ్‌ఎఫ్‌లో కరిగిస్తే 1 మిల్లీమోలార్. నైల్ రెడ్ 3.2 మిల్లీగ్రాములు అలాగే కరిగించి పదింతలు పలచన చేయండి. 1 ఎంఎల్ టీపీఈ ద్రావణానికి ఈ పలచటిది 100 మైక్రోలీటర్లు వేస్తే 1 మోల్ శాతం. 0.1, 0.3, 1, 3 శాతాలతో నాలుగు వయల్స్ పెట్టుకోండి. ఒక్కోదాంట్లోంచి 200 మైక్రోలీటర్లు తీసి, జోరుగా తిరుగుతున్న 10 ఎంఎల్ మిల్లీక్యూ (అతిశుద్ధ) నీళ్లలోకి ఒక్కసారిగా కొట్టాలి, పిపెట్ మొన నీటిలో మునిగి ఉండాలి. చుక్కలుచుక్కలుగా వేస్తే కణాలు పెద్దవై అడుగుకు దిగుతాయి.

365 నానోమీటర్ల దీపం కింద చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. టీహెచ్‌ఎఫ్‌లో చీకటిగా ఉన్న టీపీఈ, నీళ్లు తగిలిన క్షణంలోనే నీలంగా వెలుగుతుంది. అణువులు గుమిగూడితే వాటి రెక్కలు (ఫినైల్ వలయాలు) తిరగలేవు, శక్తి వెలుగుగా బయటపడుతుంది. నైల్ రెడ్ పెరిగేకొద్దీ నీలం తగ్గి నారింజ ఎక్కుతుంది, మధ్యలో ఎక్కడో తెలుపు దొరుకుతుంది. 3 శాతం దగ్గర డై తనను తానే ఆర్పుకుని మసకబారొచ్చు. హైదరాబాద్ గుజరాతీ గల్లీలో అమ్మే, దొంగనోట్లు పట్టే యూవీ టార్చిలు చాలావరకు 395 నానోమీటర్లవి, వాటితో టీపీఈ వెలగదు. ఫోన్ ఫొటోలను సాక్ష్యంగా పెట్టేవాళ్లంటే నాకు చిరాకు: వైట్ బ్యాలెన్స్ లాక్ చేయకపోతే ఫోనే రంగు మార్చేస్తుంది.

ఇక స్పెక్ట్రమ్. 340 నానోమీటర్ల కాంతితో ఎక్సైట్ చేస్తే 680లో సన్నగా ఒక ముల్లు లేస్తుంది. అది ఎరుపు ఎమిషన్ కాదు, చెదిరిన 340 కాంతే పరికరంలోని గ్రేటింగ్ వల్ల రెట్టింపు తరంగదైర్ఘ్యం దగ్గర (రెండో ఆర్డర్‌లో) కనబడడం. 345కి మార్చండి, ముల్లు 690కి జరుగుతుంది, నిజమైన ఎమిషన్ కదలదు. ఎమిషన్ వైపు 390 లాంగ్‌పాస్ ఫిల్టర్ (అంతకంటే పొడవైన తరంగాలనే వదిలేది) పెడితే ముల్లు పోతుంది. 340తో ఎక్సైట్ చేసినప్పుడు 384 దగ్గర కనబడే చిన్న గుట్ట నీటి అణువులు చెదరగొట్టిన కాంతిది (రామన్). ఈ రెంటినీ పీక్‌లుగా రాసేసిన ప్రాజెక్టు రిపోర్టులకు లోటు లేదు.

మన ఊళ్లో ఎండాకాలం ఏసీ ఆగితే టీహెచ్‌ఎఫ్ ఎగిరిపోయి స్టాక్ చిక్కబడుతుంది, శాతాలన్నీ గల్లంతవుతాయి. మూత బిగించి పారాఫిల్మ్ చుట్టండి, పని ఫ్యూమ్ హుడ్‌లో చేయండి, పాత టీహెచ్‌ఎఫ్ సీసాకి పెరాక్సైడ్ స్ట్రిప్ పరీక్ష చేయకుండా వాడకండి. బోరు నీళ్లు వద్దే వద్దు: ఉప్పులు కణాల మీది చార్జిని కప్పేస్తే తెల్లారేసరికి అడుగున తెల్లటి మడ్డి ఉంటుంది.

చివరగా గైడ్ నమ్మాలంటే టీపీఈ జీవితకాలం (ఉత్తేజిత స్థితిలో సగటున ఎంతసేపు ఉంటుందన్నది) చూపించండి. నైల్ రెడ్ ఉన్న కణంలో అది తగ్గాలి. దాన్ని కొలిచే టీసీఎస్‌పీసీ పరికరం మీ కాలేజీలో లేకపోతే హెచ్‌సీయూలో (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ) అడగండి. టీపీఈ కణాలు విడిగా చేసి, తర్వాత నైల్ రెడ్ కలిపిన నమూనాను కూడా కంట్రోల్‌గా తీసుకెళ్లండి.